కట్ట విప్పాక తేలే లెక్క

కార్డు కుడి అంచున చిన్న గాటు పడితే ఆ కార్డు పాసైనట్టు. పై అంచున పడితే, సరిగ్గా ఆ గాటు కిందున్న కాలమ్‌లో తప్పుందని అర్థం. 1970లలో మా అక్క మద్రాసులో ఓ ఆఫీసు మెషీన్ రూములో చేసిన ఉద్యోగం ఇదే. ఆ గాట్లు వేసే మెషీన్ని వెరిఫైయర్ అనేవారు. ముందు ఒకమ్మాయి కాగితం చూసుకుంటూ కార్డు మీద చిల్లులు కొడుతుంది. ఆ కాగితం, ఆ కార్డు రెండూ మా అక్క దగ్గరికి వస్తాయి. తను మళ్లీ మొదట్నుంచి కొడుతుంది. ఈసారి కొత్త చిల్లు పడదు. కొట్టిన అంకె, ఉన్న చిల్లు ఒకటేనా అని మెషీన్ సరిచూస్తుంది. తేడా వస్తే ఎర్ర దీపం వెలిగి ఆగిపోతుంది, మళ్లీ కొట్టి చూడనిస్తుంది. మూడోసారి కూడా తేడాయే వస్తే పై అంచున గాటు వేసి ముందుకు కదులుతుంది.

"ఒక పనికి ఇద్దరికి జీతాలా?" అన్నాడు మా నాయన ఒకరోజు అన్నం తింటూ.

"నువ్వు వ్యాగన్ నంబర్లు రెండోసారి చూసుకోవా నాయనా?" అంది అక్క.

ఆయన ఇంకేం మాట్లాడలేదు. ఆయనది అరక్కోణం యార్డులో ట్రైన్స్ క్లర్కు పని.

నేను ఆ ఇద్దరి తర్వాత లెక్కల్లోకి వచ్చినదాన్ని. కోబాల్‌తో మొదలుపెట్టి, హైదరాబాద్‌లో డేటాబేస్ ప్రోగ్రాములు రాస్తూ రిటైరయ్యాను. ప్రోగ్రాములోంచి వందల స్టేట్‌మెంట్లు కట్ట కట్టి డేటాబేస్‌కి పంపడం నా రోజువారీ పని. ఈ పద్ధతి ఎందుకు పుట్టిందని ఇప్పటి పిల్లల్ని అడిగితే "స్పీడ్ కోసం మేడమ్" అంటారు. తప్పు కాదు, కానీ అది సగం మాటే. కట్టలో ఒకటి చెడితే మిగతావాటి గతేమిటి, ఆ చెడ్డదాన్ని పట్టేదెవరు అన్నది రెండో సగం. కట్ట కట్టడం నేర్చిన ప్రతి తరమూ ఈ లెక్క కూడా నేర్చుకోక తప్పలేదు. ఆ కథ నాకు మా ఊరు అరక్కోణం దగ్గర్నుంచే మొదలవుతుంది.

దక్షిణ భారతంలో మొదటి రైలు మార్గం 1856 జూలై 1న తెరిచారు. మద్రాసు రాయపురం నుంచి వాలాజా రోడ్డు దాకా వేసిన ఆ దారి అరక్కోణం మీదుగానే పోతుంది. తర్వాత ఇక్కణ్ణించే ఒక దారి తిరుత్తణి, రేణిగుంట మీదుగా బొంబాయి వైపు చీలింది. ఒకటి కాట్పాడి మీదుగా జోలార్‌పేట వైపు సాగింది, ఇంకొకటి కాంచీపురం మీదుగా చెంగల్పట్టు పోయింది. వేలూరుకి పోవాలంటే కాట్పాడిలో దిగాలి, గుడియాత్తం ఆ దారిలోనే ఇంకాస్త ముందుకి. జిల్లాల గీతలు ఎన్నిసార్లు మారినా మా ఇళ్లలో తెలుగు మారలేదు. 1960లో తిరుత్తణి ఆంధ్ర నుంచి మద్రాసు రాష్ట్రానికి పోయింది. 2019లో మా అరక్కోణం వేలూరు జిల్లా వదిలి రాణిపేట జిల్లాలో చేరింది.

అప్పట్లో గూడ్సు బండంటే రకరకాల ఊళ్లకు పోయే విడి వ్యాగన్ల కలగలుపు. గుడియాత్తం అగ్గిపెట్టెలు, రాణిపేట తోళ్లు, ఎక్కడిదో సిమెంటు, ఇంకెక్కడిదో బొగ్గు. యార్డులో బండిని విడదీసి, దారుల వారీగా వేరుచేసి, మళ్లీ కూర్చేవారు. మా నాయన పట్టాల వెంట నడుస్తూ ప్రతి వ్యాగన్ నంబరూ, యజమాని రైల్వే పేరూ, చేరాల్సిన చోటూ రాసుకునేవాడు. ఆఫీసుకొచ్చి వెహికల్ గైడెన్స్ అనే కాగితం తయారుచేసి గార్డు చేతికిచ్చేవాడు. ఆ కాగితం అడుగున ఎన్ని వ్యాగన్లు, మొత్తం ఎన్ని టన్నులు అన్నది ఉండాల్సిందే. అవతలి యార్డులో లెక్కపెడితే ఆ అంకె రావాలి. రాకపోతే దారిలో ఏ వ్యాగన్ ఎక్కడ, ఎందుకు తెగిందో గార్డు చెప్పాలి. చక్రం వేడెక్కి దారిలో ఒక వ్యాగన్‌ని తీసి పక్కన పెట్టడం మామూలే, దాని కోసం బండి మొత్తాన్ని ఆపరు. కానీ తీసిన వ్యాగన్ నంబరు కాగితం మీదికి ఎక్కకుండా బండి కదలదు.

1980ల మొదట్లో రైల్వే ఈ విడి వ్యాగన్ల పద్ధతిని తగ్గించి, ఒకచోట నింపి ఒకచోటే దింపే పూర్తి బండ్లకు, అంటే రేకులకు, మళ్లింది. యార్డుల్లో రోజుల తరబడి వ్యాగన్లు పడి ఉండడం తగ్గింది. సరుకు ఎంతదైనా ఇంజను రాకపోకల ఖర్చు ఒకటే కాబట్టి ప్రతి రాకపోకకూ వీలైనంత ఎక్కువ తగిలించడం లాభం. తర్వాత పదిహేనేళ్లకు డేటాబేస్ విషయంలో ఈ సంగతి నాకు ఎవరూ కొత్తగా నేర్పాల్సిన పని లేకపోయింది.

చిల్లుల కార్డు కూడా మా ప్రాంతానికి పరాయిది కాదు. అరక్కోణం నుంచి చెంగల్పట్టు బండెక్కితే కాంచీపురం వస్తుంది. అక్కడ పట్టుచీర అంచులు నేసే జకార్డు మగ్గం నెత్తిన చిల్లుల అట్టల దండ వేలాడుతుంటుంది. ఏ పోగు లేవాలో, ఏది ఆగాలో ఆ చిల్లులే చెబుతాయి. ఫ్రాన్సులో జోసెఫ్ మరీ జకార్డు 1804లో తెచ్చిన పద్ధతి అది. అమెరికాలో హెర్మన్ హోలరిత్ 1890 జనాభా లెక్కలకి చిల్లుల కార్డులు వాడాడు. అయితే రెంటికీ ఒక పెద్ద తేడా ఉంది. మగ్గం అట్టలు దారంతో ఒకదానికొకటి కుట్టి ఉంటాయి, వరస తప్పే ప్రసక్తే లేదు. హోలరిత్ కార్డులు విడివి. విడివి కాబట్టే వేరుచేయొచ్చు, కలపొచ్చు, ఊరు వారీగా, వయసు వారీగా పేర్చొచ్చు. విడివి కాబట్టే చేతిలోంచి జారితే వరస కూడా పోతుంది. మెషీన్ రూములో అక్కవాళ్లు కార్డుల కట్ట పై అంచు మీద కొస నుంచి కొసకి ఏటవాలుగా పెన్సిల్ గీత గీసేవారు. కట్ట కిందపడ్డా ఆ గీత చూసి మళ్లీ పేర్చుకోవచ్చు. ఒక కార్డు తప్పిపోతే గీతలో అక్కడ సందు కనబడుతుంది. కార్డుకి ఒక మూల కత్తిరించి ఉండేది, తలకిందులుగా పెట్టింది ఏదో చూడగానే తెలిసేందుకు.

ఐబీఎం 1959లో ప్రకటించిన 1401 కంప్యూటరు 1960లలో మన రైల్వేలకు వచ్చింది. జీతాలు, స్టోర్సు, సరుకు రవాణా లెక్కలు దాని మీద వేసేవారు. దాని కార్డు రీడరు నిమిషానికి 800 కార్డులు మింగేది, ప్రింటరు నిమిషానికి 600 వరసలు కక్కేది. కార్డుకి 80 కాలమ్‌లు, ప్రింటరు వరసకి 132 అక్షరాలు. అంత వేగం ఉన్న మెషీన్ ముందు ఒక్కో కాగితం పట్టుకుని నిలబడితే దాన్ని ఖాళీగా కూర్చోబెట్టినట్టే. అందుకని కాగితాల్ని కట్టలుగా పోగేసి, రాత్రి ఒకేసారి నడిపేవారు.

ఆ కట్ట మీద ఉండే చీటీ గురించి చెప్పాలి, ఎందుకంటే ఈ కథంతా ఆ చీటీదే. బ్యాచ్ నంబరు, కాగితాల సంఖ్య, డబ్బు మొత్తం దాని మీద రాసేవారు. వాటి కింద ఒక వింత కూడిక ఉండేది, ఉద్యోగుల నంబర్లన్నీ కలిపిన మొత్తం. ఉద్యోగి నంబర్లు కూడితే వచ్చే అంకెకి లోకంలో ఏ అర్థమూ లేదు. కానీ ఎవరి నంబరైనా ఒక్క అంకె తప్పు పడితే డబ్బు మొత్తం సరిపోయినా ఈ మొత్తం సరిపోదు. ఒకరి జీతం ఇంకొకరికి పోకుండా కాపాడేది ఆ అర్థంలేని అంకే. దాన్ని హ్యాష్ టోటల్ అనేవారు. మెషీన్ కార్డులన్నీ చదివాక తన కూడికలు ప్రింట్ చేసేది. చీటీ, ప్రింటు కలిస్తేనే ఆ కట్ట లెక్కలోకి ఎక్కేది. పనికిరాని కార్డుల జాబితా వేరే కాగితం మీద వచ్చేది. అది పొద్దున్నే కాగితం పంపిన సెక్షన్‌కి తిరిగి వెళ్లేది.

టేపులు వచ్చాక పద్ధతి ఇంకా పకడ్బందీ అయింది. నిన్నటి మాస్టరు టేపు ఒక డ్రైవులో, ఇవాళ్టి మార్పుల టేపు ఇంకోదాంట్లో పెట్టి, రెండూ చదువుతూ మూడో టేపు మీద కొత్త మాస్టరు రాసేవారు. పాతదాన్ని చెరిపేవారు కాదు. తాత, తండ్రి, కొడుకు అని మూడు తరాల టేపులు దాచేవారు. కొడుకు చెడితే తండ్రినీ, ఆ రోజు మార్పుల టేపునీ తీసి మళ్లీ నడిపితే సరి. ఇప్పుడు రోల్‌బ్యాక్ అని ఒక్క మాటలో తేల్చేసేదానికి అప్పుడు బీరువా, తాళం, రిజిస్టరు ఉండేవి.

1978లో ఐబీఎం దేశం వదిలివెళ్లింది. దాని మెషీన్ల సంరక్షణ ప్రభుత్వ రంగ సంస్థ కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్, అంటే సీఎంసీ, చేతికి వచ్చింది. (వేలూరు చుట్టుపక్కల సీఎంసీ అంటే ఆసుపత్రే. మా బంధువులకు ఆ తేడా విడమర్చి చెప్పాల్సి వచ్చేది.) అప్పటికే హైదరాబాద్‌లో ఈసీఐఎల్ స్వదేశీ కంప్యూటర్లు తయారుచేస్తోంది.  

సీఎంసీ రాసిన రైల్వే రిజర్వేషన్ వ్యవస్థ 1985లో ఢిల్లీలో మొదలై, కొన్నేళ్లలో మద్రాసుకీ సికింద్రాబాదుకీ వచ్చింది. ఇది కట్టల పద్ధతికి పూర్తిగా ఎదురు. ఒక బెర్తు కోసం పది కౌంటర్లలో పదిమంది ఒకేసారి అడుగుతుంటే సాయంత్రం దాకా కాగితాలు పోగేసి కూర్చుంటే కుదరదు. ప్రతి టికెట్టూ అక్కడికక్కడే తేలాలి. 1994లో సికింద్రాబాద్‌లో కాన్సర్ట్ అనే కొత్త సాఫ్ట్‌వేరు ఎక్కింది. 1999కల్లా ఢిల్లీ, ముంబయి, కలకత్తా, చెన్నై, సికింద్రాబాద్ అయిదూ ఒకదానితో ఒకటి కలిశాయి. అయినా కట్ట పూర్తిగా పోలేదు. బండి బయల్దేరే కొన్ని గంటల ముందు చార్టు వేస్తారే, అది అచ్చమైన బ్యాచ్ పని. మిగిలిన కోటాలు విప్పడం, వెయిటింగ్ లిస్టు పైకి జరపడం, ఆర్‌ఏసీ వాళ్లకు బెర్తులివ్వడం అన్నీ ఒకే ఊపులో జరుగుతాయి. 2018లో పెద్ద స్టేషన్లలో చార్టు అతికించడం మానేసేదాకా, బోగీ తలుపు పక్కన జనం వేలితో పేర్లు వెతుక్కున్నది ఆ బ్యాచ్ ఫలితాన్నే.

డేటాబేస్ కథ వేరే వైపు నుంచి వచ్చింది. 1970లో ఐబీఎంలో ఎడ్గార్ కాడ్ డేటాని పట్టికలుగా చూడమన్నాడు. 1974లో అదే సంస్థలో చాంబర్లిన్, బోయ్స్ కలిసి దానికో భాష రాశారు. అదే తర్వాత ఎస్‌క్యూఎల్ అయి, 1986లో అమెరికా ప్రమాణంగా కుదురుకుంది. ఆ భాష టెర్మినల్ ముందు కూర్చున్న మనిషి కోసం పుట్టింది. ఒక ప్రశ్న, ఒక జవాబు. ప్రోగ్రాములు కూడా అదే దారిన పోయాయి. లక్ష వరసలు చేర్చాలంటే లక్ష ఇన్సర్ట్ స్టేట్‌మెంట్లు ఒకదాని వెనక ఒకటి పంపి, ఒక్కోదానికి జవాబు కోసం ఆగాయి. కార్డు రీడరు నిమిషానికి 800 మింగిన కాలం దాటి వచ్చి, మళ్లీ ఒక్కో కార్డు చేత్తో అందించినట్టయింది.

డేటాబేస్ అదే గదిలో ఉన్నన్నాళ్లూ ఇది పెద్దగా నొప్పించలేదు. జవాబు మిల్లీసెకనులో వస్తే లక్షకి వంద సెకన్లు. కానీ 1990ల చివర్లో హైదరాబాద్‌లో మేం రాసిన ప్రోగ్రాములు అమెరికాలో ఉన్న సర్వర్లతో మాట్లాడాల్సి వచ్చింది. అంత దూరం ఒకసారి పోయి రావడానికి పావు సెకను వేసుకోండి. లక్ష స్టేట్‌మెంట్లకు 25,000 సెకన్లు, దాదాపు ఏడు గంటలు. ఆ ఏడు గంటల్లో సర్వరు పనిచేసేది కొద్దిసేపే, తక్కినదంతా దారి ఖర్చు. అవే స్టేట్‌మెంట్లు వెయ్యేసి కట్ట కట్టి పంపితే నూరు రాకపోకలు, దారికి 25 సెకన్లు.

జావా ప్రోగ్రాములు డేటాబేస్‌తో మాట్లాడే జేడీబీసీ 1997లో వచ్చినప్పుడు దాంట్లో కట్ట కట్టే వీలు లేదు. మరుసటి ఏడు రెండో రూపంలో యాడ్‌బ్యాచ్, ఎగ్జిక్యూట్‌బ్యాచ్ చేర్చారు. మొదటిది స్టేట్‌మెంటుని కట్టలో పెడుతుంది, రెండోది కట్టని పంపుతుంది. ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ అయితే ఇంకా మేలు. వాక్యాన్ని ఒకసారి అర్థం చేసుకుని, తర్వాత విలువలు మాత్రం మార్చుకుంటూ పోవచ్చు. కొన్ని డేటాబేస్‌లకు తమ సొంత పద్ధతుల్లో ఈ సౌకర్యం అంతకుముందే ఉంది. జేడీబీసీ చేసిన మేలు దాన్ని అందరికీ ఒకే తీరున అందించడం.

అందరూ ఆ రెండు పేర్లనే గుర్తుపెట్టుకున్నారు. నాకు ముఖ్యం అనిపించింది మూడోది, ఎగ్జిక్యూట్‌బ్యాచ్ నుంచి మనకందే అంకెల వరస. కట్టలో ఒక్కో స్టేట్‌మెంటుకి ఒక్కో అంకె. ఎన్ని వరసలు మారాయో ఆ అంకె చెబుతుంది. మైనస్ 2 ఉంటే పని అయింది కానీ ఎన్ని వరసలో తెలియదని, మైనస్ 3 ఉంటే ఆ స్టేట్‌మెంటు చెడిందని. మధ్యలో ఒకటి చెడితే ఏంచేయాలన్నది డ్రైవరు, అంటే జేడీబీసీకీ డేటాబేస్‌కీ మధ్యనుండే సాఫ్ట్‌వేరు, ఇష్టానికి వదిలేశారు. కొన్ని డ్రైవర్లు మిగతావాటిని నడిపించి చెడ్డదాని చోట మైనస్ 3 పెడతాయి. కొన్ని అక్కడే ఆగిపోతాయి, అప్పుడు అంకెల వరస పొట్టిగా వస్తుంది. ఎన్ని అంకెలున్నాయో అన్నే జరిగాయి, తర్వాతది చెడింది, ఆపైవి అసలు మొదలవలేదు.

ఓ సంస్థలో, పేరు అక్కర్లేదు, పింఛన్ల ఫైలు ఎక్కించే ప్రోగ్రాము నా దగ్గరికి పరిశీలనకి వచ్చింది. రాసినవాళ్లు అయిదు వందలేసి కట్టలు కట్టారు. ప్రతి కట్టా దానికదే కమిట్ అవుతుంది, అంటే డేటాబేస్‌లో ఖాయమవుతుంది, ఏదైనా చెడితే లాగ్‌లో ఒక వాక్యం రాసి తర్వాతి కట్టకి పోతుంది. చివర్లో "పూర్తయింది" అని వస్తుంది. ఒక కట్టలో డ్రైవరు ఇచ్చిన వరసలో 312 అంకెలే ఉన్నాయి. 313వ మనిషి పేరు కాలమ్‌లో పట్టనంత పొడుగు. ఆయన ఒక్కడిదే కాదు, ఆయన వెనకున్న 187 మందివీ ఎక్కలేదు. వాళ్ల వివరాల్లో ఏ లోపమూ లేదు. లాగ్‌లో ఉన్నదల్లా పేరు పొడుగైందన్న ఒక్క ఫిర్యాదే. చదివినవాళ్లు ఒక మనిషి సమస్య అనుకున్నారు. రోజుకి లక్షలు ఎక్కించే ప్రోగ్రాముకి మా అక్క మెషీన్ పాటి తెలివి లేదు.

మేం చేసిన మరమ్మతు పాతకాలపుది. కట్ట వేరు, కమిట్ వేరు అని ముందు తేల్చుకున్నాం. కట్ట దారి ఖర్చు తగ్గించడానికి, కమిట్ ఎక్కడిదాకా నమ్మొచ్చో చెప్పడానికి. రెండూ ఒకచోట పడాలని ఏమీ లేదు. కట్ట చెడితే దాన్ని మొత్తంగా వెనక్కి తీసి, అందులోవి ఒక్కొక్కటిగా పంపి, చెడ్డదాన్ని వేరే పట్టికలో కారణంతో సహా పెట్టమన్నాం. ఇంకో చిన్న పట్టికలో బ్యాచ్ నంబరు, వచ్చిన వరసలు, వచ్చిన మొత్తం, ఎక్కిన వరసలు, ఎక్కిన మొత్తం, తిరస్కరించినవి, చివర్లో పింఛను నంబర్లన్నీ కూడిన హ్యాష్ టోటల్. ఆ చివరి కాలమ్ చూసి కుర్రాళ్లు నవ్వారు. ఒక ఫైలులో ఒక నంబరులోని రెండు అంకెలు తారుమారై డబ్బు మొత్తం మాత్రం సరిగ్గా ఉన్న రోజు నుంచి నవ్వలేదు.

బ్యాంకులు ఈ పాఠాన్ని రూలుగా రాసుకున్నాయి. 2005 నవంబరులో మొదలైన నెఫ్ట్‌లో డబ్బు ఎప్పుడూ విడతల్లోనే కదులుతుంది. 2017 జూలై నుంచి విడతలు అరగంటకొకటి అయ్యాయి, 2019 డిసెంబరు 16 నుంచి రాత్రీ పగలూ కలిపి రోజుకి 48. ఆ సందేశాలు మోసేది హైదరాబాద్ మాసబ్‌ట్యాంకులో ఉన్న ఐడీఆర్‌బీటీ తయారుచేసిన ఎస్‌ఎఫ్‌ఎంఎస్ వ్యవస్థ. నెఫ్ట్ వేగం గురించి అందరూ మాట్లాడతారు. నాకు నచ్చిన రూలు వేరు. విడత సెటిల్ అయిన రెండు గంటల్లో డబ్బు ఖాతాలో పడాలి, లేదా పంపిన బ్యాంకుకి తిరిగి రావాలి. మధ్యలో వేలాడడానికి వీల్లేదు. అరక్కోణం పెన్షనరైనా, గుడియాత్తంలో లుంగీలు అమ్మే వ్యాపారైనా, డబ్బు ఎక్కడుందో తెలియని స్థితి రెండు గంటలు దాటకూడదు. 2016లో వచ్చిన యూపీఐలో మన కంటికి ఒక్కో చెల్లింపు విడివిడిగా క్షణంలో తేలుతుంది. కానీ బ్యాంకుల మధ్య బాకీలు మాత్రం రోజుకి కొన్ని విడతల్లో కూడికలు తీసివేతలయ్యాకే తీరతాయి. పైకి టికెట్ కౌంటరు, లోపల చార్టు.

కట్ట ఎంత పెద్దది కట్టాలని ఇప్పటికీ అడుగుతుంటారు. యాభైనా, అయిదు వందలా, అయిదు వేలా? ఒక హద్దు దాటాక కట్ట పెరిగినా దారి ఖర్చు ఇంకేమీ తగ్గదు. మెమరీ మీద భారం పెరుగుతుంది, చెడితే వెనక్కి తీయాల్సింది పెరుగుతుంది. కొలిచి చూసుకోండి అంటాను, ఎందుకంటే ఆ జవాబు మీ నెట్‌వర్కుకీ మీ డేటాబేస్‌కీ తెలుసు, నాకు తెలియదు. నేను తిరిగి అడిగేది మాత్రం ఒకటే. తిరస్కరించిన వరసల జాబితా రేపు పొద్దున ఎవరి బల్ల మీదికి పోతుంది? దానికి ఒక మనిషి పేరు చెప్పగలిగితే కట్ట ఎంత పెద్దదైనా ఫరవాలేదు. చెప్పలేకపోతే ముందు ఆ మనిషిని వెతకండి, సైజు సంగతి తర్వాత చూద్దాం.